పలుపుకో తిరుగుడు కొక్కెం

కోతలయ్యాక గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల ఏ ఊరి పొలాల్లోకి వెళ్ళినా గట్ల మీద గూటాలకు కట్టేసిన మేకలు కనిపిస్తాయి. మంద ఉన్నవాళ్ళు తోలుకుపోయి మేపుకుంటారు. ఇంట్లో రెండో మూడో ఉన్నవాళ్ళకు, ముఖ్యంగా పొద్దున్నే కూలికి వెళ్ళే ఆడవాళ్ళకు, కట్టేసి పోవడం తప్ప దారి లేదు. వదిలేస్తే పక్కవాళ్ళ పెసర చేలో పడుతుంది, దాంతో తగవు వస్తుంది. కట్టేస్తే వేరే ఇబ్బంది. మేక ఒకచోట నిలబడి మేసే జంతువు కాదు. నాలుగు పరకలు కొరికి రెండడుగులు వేస్తుంది, గూటం చుట్టూ తిరుగుతుంది, ఈగ వాలితే గిర్రున వెనక్కి మళ్ళుతుంది. అది తిరిగిన ప్రతి చుట్టూ పలుపులోకి ఒక మెలికగా ఎక్కుతుంది. మధ్యాహ్నానికి మూడు మీటర్ల పలుపు మూరెడవుతుంది, మేక మెడ నేలకు వంగిపోతుంది. ఎండలో, నీళ్ళకు అందకుండా, అరిచే ఓపిక కూడా లేకుండా నిలబడి ఉంటుంది.

"పురెక్కిపోయి ముడడిపోతాది బావూ, ఇప్పలేక సస్తన్నాం" అని ఒక పెద్దావిడ అన్న మాటలో అసలు సంగతంతా ఉంది. తాడుకు పురి బలం. ఆ పురి హద్దు దాటితే అదే శత్రువు. గోగునార తాడైనా నైలాను తాడైనా సాధారణంగా మూడు పేటలు కలిపి ఒక దిక్కుకు పురి పెట్టి పేనినదే. మేక ఆ దిక్కుకే తిరుగుతూ పోతే పురి బిగుస్తుంది, తాడు ముడుచుకుని తన మీద తానే ఉచ్చులు వేసుకుంటుంది. ఎదురు దిక్కుకు తిరిగితే పేటలు విడిపోయి తాడు గుల్లబారి, ఒరిపిడి తగిలిన చోట పుటుక్కున తెగుతుంది. రెండిట్లో ఏదైనా నష్టమే. కాబట్టి పలుపు పొడుగునా ఎక్కడో ఒకచోట, లాగితే ఊడిపోకుండా, తిప్పితే మాత్రం తిరిగిపోయే కీలు ఉండాలి. ఊయల గొలుసు పైకొసన తిరిగే కొక్కెం చేసే పని అదే. పూసపాటిరేగ తీరంలో సముద్రపు వేట గాలాల తాడుకు కట్టే వేలెడంత ఇత్తడి ముక్క చేసేదీ అదే. దుకాణంలో దాన్ని స్వివెల్ అని అడిగితే ఇస్తారు. ఊళ్ళో మనిషికి తిరుగుడు కొక్కెం అంటే అర్థమవుతుంది.

ఇంట్లో తీగతో, సీలతో దాన్ని ఎలా చేసుకోవచ్చో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అంతకుముందు ఒక మాట సూటిగా చెప్పాలి. ఇదే కొక్కెం అడవి జంతువులకు వేసే తీగ ఉచ్చుల్లోనూ వాడతారు. ఉచ్చులో పడ్డ జంతువు తప్పించుకోవడానికి గింజుకుంటూ తిరుగుతుంది. ఆ తిరుగుడుకే తీగ మెలిపడి విరిగి, ఒక్కోసారి ప్రాణం దక్కుతుంది. కొక్కెం ఉంటే ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది. ఉచ్చుకు ఎంపిక ఉండదు. అడవి పంది కోసం వేసిన దాంట్లో ఎలుగుబంటి పడుతుంది, చిరుత పడుతుంది, ఊరి కుక్క పడుతుంది, పక్కింటి దూడ పడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉచ్చు వేయడాన్ని వేటగానే లెక్కిస్తుంది. జంతువు పడకపోయినా, పట్టుకోవాలని ప్రయత్నించడమే నేరం. జైలు ఉంది, 2022 సవరణ తర్వాత జరిమానా కూడా బాగా పెరిగింది. రాత్రికి రాత్రి మొక్కజొన్న తొక్కేయించుకున్న రైతు కడుపుమంట చిన్నదని నేను అనను. దానికి అటవీశాఖకు అర్జీ పెట్టుకోవాలి, కంచె వేసుకోవాలి, నలుగురు కలిసి కాపలా కాసుకోవాలి. మెడకు తీగ బిగిసి రెండు మూడు రోజులు కొట్టుకుని చచ్చే చావు ఏ జీవికీ రాకూడదు. కింద చెప్పే కొలతలన్నీ కట్టు పలుపు కోసం, మెడ బిగియకుండా ఉండడం కోసం.

కావలసినవి తక్కువే. పది గేజి జీ.ఐ. తీగ ఒక పావు మీటరు పైచిలుకు, అంటే 26 సెంటీమీటర్లు. దాని మందం మూడుంపావు మిల్లీమీటర్లు. నాలుగంగుళాల సీల ఒకటి, నాలుగు మిల్లీమీటర్ల మందంది. ఆ సీల దూరే చిన్న వాషర్లు రెండు, సైకిలు షాపులో దొరుకుతాయి. పనిముట్లకు కటింగ్ ప్లయరు, సుత్తి, ఆకురాయి, వీలైతే బెంచీ వైసు. చుట్టు తిప్పడానికి అచ్చుగా అయిదు మిల్లీమీటర్ల మందమున్న పెద్ద సీల ఒకటి, 12 మిల్లీమీటర్ల రాడ్డు ముక్క ఒకటి. ఇల్లు కట్టే చోట అడిగితే రాడ్డు ముక్క ఊరికే ఇస్తారు. అక్కడే బైండింగ్ వైరు కూడా పడి ఉంటుంది గానీ అది దీనికి పనికిరాదు. మరీ మెత్తన, మరీ సన్నం, మేక ఒక్క గుంజు గుంజితే చుట్లు విప్పుకుంటుంది. దానికి ఎదురు కొసన పాత టైరు అంచులో వచ్చే తీగ ఉంది. అది చూడ్డానికి బలంగా ఉంటుంది. కానీ కర్బనం ఎక్కువున్న ఉక్కు కాబట్టి బిగుతుగా వంచితే అక్కడే చిట్లుతుంది. ఈ రెంటి మధ్యనున్న మామూలు కంచె తీగే సరైనది.

గరివిడి మనిషికి ఈ సీల పరాయి వస్తువు కాదని గుర్తు చేయాలనిపిస్తుంది. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది 1890ల తొలినాళ్ళలో ఈ ప్రాంతంలోనే. ఇక్కడి కోడూరు పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు ఒక రాయికి కోడూరైట్ అని పేరు పెట్టారు. గర్భాం గనులు, గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ పెట్టిన కర్మాగారం, దాని చుట్టూ వెలిసిన శ్రీరామ్‌నగర్ అన్నీ ఆ ఖనిజం పుణ్యమే. ఫెర్రో మాంగనీసు వెళ్ళేది ఉక్కు కొలుముల్లోకి. ఇనుములో మిగిలిపోయిన గంధకాన్ని మాంగనీసు తనతో పట్టేసుకోకపోతే, ఎర్రగా కాలిన ఉక్కును సాగదీసేటప్పుడు అది పగుళ్ళు విచ్చుతుంది. మెత్తని ఉక్కులో మాంగనీసు నూటికి ఒక వంతు కూడా ఉండదు, అయినా అది లేనిదే ఈ సీల లేదు. విశాఖ ఉక్కు కర్మాగారం వంటి చోట్ల ఆ ఉక్కును వైరు రాడ్డుగా చుట్టలు చుడతారు. చిన్న కార్ఖానాలు దాన్ని చల్లగా ఉండగానే సన్నటి బెజ్జాల గుండా లాగి తీగ తీస్తాయి, ఆ తీగనే కోసి తల కొట్టి సీల చేస్తాయి.

చల్లగా లాగడం అన్నదే మనకిక్కడ ముఖ్యం. అలా లాగిన ఉక్కు గట్టిపడి, బిర్రబిగిసి ఉంటుంది. కొట్టు నుంచి తెచ్చిన సీలను తెచ్చినట్టే సున్నా చుట్టబోతే చేయి నొప్పి పుట్టడమే గాక, మొండిగా వంగి గుండ్రం రాదు. అందుకే మొదటి పని దాన్ని మెత్తబరచడం. ముందురోజు సాయంత్రం చేసుకుంటే మేలు.

పొయ్యిలో కణకణలాడే బొగ్గులుంటే చాలు, కొలిమి అక్కర్లేదు. సీలను బొగ్గుల మధ్యలో దూర్చి, ఊదుగొట్టంతో ఊదుతూ, మొత్తం ఒకే తీరున ఎర్రబడేదాకా ఉంచాలి. ఎండలో ఆ ఎరుపు కళ్ళకు ఆనదు, పొద్దు గూకాక చేయమనేది అందుకే. ముదురెరుపు వచ్చి, నారింజ ఛాయలోకి తిరగకముందే ఆపాలి. అప్పటికది సుమారు 700 డిగ్రీల దగ్గర ఉంటుంది. పటకారుతో తీసి నీళ్ళలో ముంచకూడదు. పొయ్యి బూడిదలో పూడ్చి తెల్లవార్లూ వదిలేయాలి. పొద్దున్న తీస్తే నల్లగా, పొట్టు కట్టి ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దితే పొట్టు పోతుంది. ఇప్పుడు దాన్ని వైసులో బిగించి ఒక వేలి బలంతో నొక్కినా ఒప్పుకుంటుంది.

సీలను మాత్రమే కాల్చాలి. జీ.ఐ. తీగను ఎట్టి పరిస్థితుల్లోనూ నిప్పులో పెట్టకూడదు. దాని మీద ఉన్నది జింకు పూత. జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఇంకా కాగితే తెల్లటి పొగై లేస్తుంది. ఆ పొగ పీల్చినవాళ్ళకు సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు పట్టుకుంటాయి. వెల్డింగు పనివాళ్ళకు ఇది అనుభవమే. పైగా పూత పోయిన తీగ మొదటి వానకే తుప్పెక్కుతుంది. తీగ పనంతా చల్లగానే.

ఇక చట్రం. కొక్కెం మొత్తంలో తెలివి ఖర్చయ్యేది ఇక్కడే. దాని రూపం ముందు మనసులో పట్టుకోవాలి. పైన పలుపు కట్టుకోవడానికి గుండ్రటి వంపు, రెండు పక్కలా కిందికి దిగే కాళ్ళు, కింద ఆ రెండు కాళ్ళూ లోపలికి వచ్చి కలిసే చోట నిలువుగా ఒక కన్నం. ఆ కన్నంలోంచి సీల కిందికి దిగుతుంది. సీల తల చట్రం లోపల ఉండిపోతుంది, కొస బయట ఉంగరమవుతుంది. పైన ఒక తాడు, కింద ఒక తాడు, మధ్యలో సీల తల మీద తిరుగుడు. అంతే దీని యంత్రాంగం.

26 సెంటీమీటర్ల తీగను ముందు చేత్తో సాఫు చేయాలి. చుట్టలోంచి కోసిన తీగలో వంకర మిగిలి ఉంటుంది, అది తీయకపోతే కాళ్ళు సమానంగా రావు. సరిగ్గా నడిమధ్యన గుర్తు పెట్టి, ఆ గుర్తు దగ్గర మూడు సెంటీమీటర్ల గొట్టం మీద వంచితే గుర్రపునాడా ఆకారం వస్తుంది. వంపు నుంచి నాలుగు సెంటీమీటర్లు కిందికి రెండు కాళ్ళ మీదా గుర్తులు పెట్టాలి. ఎడమ కాలి గుర్తు దగ్గర ప్లయరుతో పట్టి తీగను లోపలికి, అడ్డంగా మడవాలి. కుడి కాలిని మాత్రం ఒకటిన్నర చుట్టు ఎత్తు, అంటే సుమారు అయిదు మిల్లీమీటర్లు, ఇంకా కిందకు దింపి మడవాలి. ఎందుకంటే కన్నం చుట్లు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఎడమ కాలి చుట్టు పైన, కుడి కాలి చుట్టు కింద. ఈ తేడా చూడకుండా రెండూ ఒకే ఎత్తులో మడిస్తే చుట్లు ఒకదాన్నొకటి తోసుకుని కన్నం వంకర పోతుంది, సీల దూరదు.

ఇప్పుడు అయిదు మిల్లీమీటర్ల అచ్చు సీలను వైసులో నిలువుగా బిగించి, చట్రాన్ని దాని పక్కన పెట్టి, ఎడమ కొసను అచ్చు చుట్టూ ఒకటిన్నర చుట్టు తిప్పాలి. సందు లేకుండా, ప్రతి చుట్టూ ముందు దాన్ని ఆనుకుని రావాలి. తర్వాత కుడి కొసను దాని కింద, అదే అచ్చు మీద, అదే దిక్కుకు ఒకటిన్నర చుట్టు. రెండూ కలిసి మూడు చుట్ల మెడ అవుతుంది, ఎత్తు దాదాపు పది మిల్లీమీటర్లు. మిగిలిన కొసల్ని ప్లయరుతో కోసి, కాలి వైపుకి నొక్కేసి, ఆకురాయితో మొన లేకుండా అరగదీయాలి. ఇక్కడ బద్ధకించవద్దు. కోసిన జీ.ఐ. తీగ మొన మేక దవడకు గీసుకుంటే పుండు పడుతుంది, ఈగలు వాలితే పురుగు పడుతుంది.

అచ్చు అయిదు మిల్లీమీటర్లు, తిరిగే సీల నాలుగు. ఆ ఒక్క మిల్లీమీటరు వదులు కావాలనే పెట్టింది. బిగుతుగా చేస్తే బలంగా ఉంటుందనుకుని చాలామంది సరిపడా కన్నమే చేస్తారు. కొత్తలో తిరుగుతుంది, నాలుగు రోజుల దుమ్ముకి బిగుసుకుపోతుంది. బిగుసుకున్న కొక్కెం ఉన్నా లేనట్టే. మరీ వదులైతే సీల తల కన్నంలోంచి జారి వచ్చేస్తుంది. తల వెడల్పు సాధారణంగా సీల మందానికి రెండింతలు, అంటే ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు. అయిదు మిల్లీమీటర్ల కన్నానికి అది చక్కగా ఆనుతుంది.

ఇంకో ప్రమాదం మెడ దగ్గర కాదు, భుజాల దగ్గర. కాళ్ళు అడ్డంగా మళ్ళిన ఆ మూలల్నే భుజాలంటున్నాను. పలుపు గుంజుకున్నప్పుడల్లా సీల మెడను కిందికి లాగుతుంది, పై వంపు పైకి లాగుతుంది. భుజాలు సాగి, చట్రం చతురస్రం నుంచి త్రికోణంలోకి దిగజారుతుంది. అప్పుడు కాళ్ళు రెండూ సీల తలకు రెండు పక్కలా దగ్గరకొచ్చి దాన్ని పటకారులా పట్టేస్తాయి. కొక్కెం తెగదు, విరగదు, తిరగడం మానేస్తుంది. అలా పాడైంది చాలాసార్లు మనిషి కంటికి ఆనదు, బాగానే ఉందనుకుంటాడు. అందుకని భుజం మూలలు పదునుగా, లంబకోణంలో ఉండాలి. ప్లయరు మూతితో మడిచాక సుత్తితో రెండు దెబ్బలు వేసి మూల తేల్చాలి. సీల తల చుట్టూ రెండు పక్కలా కనీసం అయిదారు మిల్లీమీటర్ల ఖాళీ కనబడాలి. బలమైన పోతుకు కట్టదలిస్తే పది గేజి వదిలి ఎనిమిది గేజి తీగ తీసుకోవడం మంచిది. అది నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, వంచడానికి వైసు తప్పనిసరి.

చట్రం అయ్యాక కూర్పు. మెత్తబరచిన సీలకు ముందు ఒక వాషరు తొడగాలి. చట్రం లోపలి నుంచి కన్నంలోకి దింపి, బయటకొచ్చిన కొసకు రెండో వాషరు తొడగాలి. పై వాషరు తల రాపిడిని చుట్ల మీద పడనీయదు, కింది వాషరు ఉంగరం రాపిడిని. వాషరు మరీ వెడల్పైతే చట్రం కాళ్ళకు తగులుతుంది, పద్నాలుగు మిల్లీమీటర్లకు మించనీయవద్దు. ఇప్పుడు కింది వాషరు నుంచి మూడు మిల్లీమీటర్ల ఆట వదిలి, అక్కడ సీల మీద గుర్తు పెట్టాలి. ఉంగరం మెడ అంతకంటే పైకి రాకూడదు.

నాలుగంగుళాల సీలలో వృథాకు చోటు లేదు. లెక్క చూసుకుంటే తెలుస్తుంది. వాషర్లు, మెడ, ఆట, ఉంగరం మెడ చుట్టు కలిపి ఇరవై మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల రాడ్డు మీద ఒక ఉంగరం తిప్పడానికి యాభై. మిగిలిన కొసను సీల ఒంటికే ఒక చుట్టు చుట్టడానికి పాతిక. మొత్తం తొంభై అయిదు, సీల నూరు. కాబట్టి కొలిచే పని ముందు, వంచే పని తర్వాత. గుర్తుకు కింద పట్టి, రాడ్డు ముక్క చుట్టూ సీలను పూర్తిగా తిప్పి, కొసను గుర్తు దగ్గర సీల ఒంటి చుట్టూ బిగించి చుట్టాలి. చేత్తో చివరి చుట్టు రాకపోతే సన్నటి ఇనుప గొట్టాన్ని కొసకు తొడిగి తిప్పితే సులువుగా వస్తుంది. మిగిలిన నాలుగైదు మిల్లీమీటర్లు కోసి అరగదీయాలి. ఉంగరాన్ని ఊరికే వంచి మూతి తెరిచి వదిలేసిన కొక్కేలు సంతల్లో చూస్తుంటాం. మేక రెండుసార్లు గుంజితే ఆ మూతి విచ్చుకుంటుంది. సీల ఒంటికి చుట్టిన చుట్టే దానికి తాళం.

అంతా అయ్యాక చేతిలో పట్టుకుంటే ముప్ఫై గ్రాముల దాకా తూగుతుంది. మేకకు అదొక బరువు కాదు.

చేసిన వెంటనే మేకకు కట్టేయవద్దు. వాసానికో చెట్టు కొమ్మకో చట్రాన్ని గట్టి తాడుతో వేలాడదీసి, కింది ఉంగరానికి ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు రెండు కట్టాలి. బస్తాలను చేత్తో మెల్లగా తిప్పితే అవి గిర్రున తిరుగుతూ పోవాలి, పై తాడు మాత్రం కదలకూడదు. తర్వాత బస్తాల్ని జానెడు ఎత్తి వదలాలి, ఒకటికి పదిసార్లు. మేక పెట్టే బరువు నిలకడైన బరువు కాదు, కుక్కను చూసి బెదిరి ఒక్కసారిగా గుంజే గుంజుడు. ఆ పరీక్ష అయ్యాక దించి చూస్తే భుజాలు ఎంత దిగాయో, తల ఇంకా ఖాళీగా ఉందో లేదో, ఉంగరం చుట్టు జారిందో లేదో కనబడుతుంది. కొద్దిగా దిగి ఆగిపోతే మంచిదే, తీగ తన చోట సర్దుకుందన్నమాట. తల పట్టేస్తే పారేసి ఎనిమిది గేజితో మళ్ళీ చేయాలి. సాగిన భుజాన్ని సరిచేసి వాడుకోవాలనిపిస్తుంది. ఒకసారి సాగి మళ్ళీ వెనక్కి వంచిన తీగ ఆ మూలలోనే విరుగుతుంది.

కొక్కెం ఎంత బాగా చేసినా కట్టే తీరు తప్పైతే ఫలితం ఉండదు. పలుపులో మెలిక వేరు, పలుపు గూటానికి చుట్టుకోవడం వేరు. కొక్కెం మెలికను తీస్తుంది గానీ చుట్టుకోవడాన్ని ఆపలేదు. దానికి మందు గూటం దగ్గరుంది. ఇనుప గూటమైతే పైన బిళ్ళ వెల్డు చేయించి, దాని కింద వదులుగా తిరిగే ఉంగరం వేయించాలి. కర్ర గూటమైతే తలకు కొంచెం కింద గాడి తీసి, ఆ గాడిలో తీగ ఉంగరం వదులుగా తొడగాలి. పలుపు కట్టాల్సింది ఆ ఉంగరానికే, గూటానికి కాదు. గూటం తల నేలకు నాలుగు వేళ్ళ ఎత్తు మించకుండా దిగ్గొట్టాలి. అప్పుడు మేక ఎటు తిరిగినా ఉంగరం దాని వెంటే తిరుగుతుంది.

తిరుగుడు కొక్కెం ఎక్కడ పెట్టాలన్నది చాలామంది అడిగేదే. మెడపట్టీ దగ్గర పెట్టాలి. మేక గిర్రున తిరిగేది అక్కడే, మెలిక పుట్టేదీ అక్కడే. పలుపు పొడుగైతే గూటం వైపు కూడా ఇంకోటి పెడితే మంచిది. దుమ్ముకి ఒకటి బిగిసినా రెండోది పని చేస్తుంది. మెడకు తాడు నేరుగా కట్టవద్దు, జారుముడి అసలే వద్దు. జారుముడి గుంజిన కొద్దీ బిగిసేది, అది వేసిన క్షణాన పలుపు ఉచ్చవుతుంది. రెండు వేళ్ళ వెడల్పు నవ్వారు పట్టీ కుట్టించి, మెడకు పెట్టాక లోపల రెండు వేళ్ళు సులువుగా దూరేంత వదులు ఉంచాలి. పట్టీకి ఒక ఇనుప వలయం, దానికి కొక్కెం ఉంగరం. పట్టీ కింద వెంట్రుకలు రాలినా, చర్మం ఎర్రబడినా కొన్నాళ్ళు కట్టడం మానాలి. పుండు పడితే పసుపు రాసి ఊరుకోకుండా పశువైద్యుడికి చూపించాలి. గరివిడిలోనే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది, దూరం పోనక్కర్లేదు.

పలుపు పొడుగు మూడు మీటర్లైతే మేకకు దక్కే మేత నేల సుమారు 28 చదరపు మీటర్లు, నాలుగైతే 50. మీటరు పెంచితే మేత దాదాపు రెట్టింపవుతుంది. కానీ ఆ వలయంలో తుమ్మ మొక్క, పెద్ద రాయి, కరెంటు స్తంభం, నూతి గట్టు ఉంటే మాత్రం మూడే చాలు. వాటిలో దేనికి చుట్టుకున్నా కొక్కెం ఏమీ చేయలేదు. గట్టు అంచున కట్టి అవతల లోతుగా ఉంటే మేక జారి వేలాడుతుంది, దానికంటే ఘోరం లేదు. వలయం లోపల కొంతైనా నీడ, అందేంత దూరంలో నీళ్ళ బాల్చీ ఉండాలి. కట్టేసిన మేక కుక్కల గుంపు వస్తే పారిపోలేదని గుర్తుంచుకుని, పొలంలో ఎవరో ఒకరు ఉన్నప్పుడే కట్టాలి. గంటకో రెండు గంటలకో ఒక కంట చూడాలి. పిల్ల మేకలను కట్టనే కట్టకూడదు, తల్లిని కడితే అవి దాని చుట్టూనే ఉంటాయి.

ఆవులకు, గేదెలకు, కోడెలకు ఈ కొక్కెం పెట్టవద్దు. వాటి ఒక్క గుంజుడుకి ఇది నిలవదు. కమ్మరి దగ్గర కాల్చి కొట్టిన తిరుగుడు ఉన్న గొలుసులు సంతలో దొరుకుతాయి, పెద్ద పశువుకి అవే. తీగ పని మేకకీ గొర్రెకీ సరి.

నూనె సంగతి. గ్రీజు పెడితే మెత్తగా తిరుగుతుందనిపిస్తుంది గానీ, పొలం దుమ్ము గ్రీజుకు అంటుకుని ఇసుక ముద్దై లోహాన్ని అరగదీస్తుంది. వారానికోసారి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఒక్క చుక్క ఇంజను ఆయిలు వేసి గుడ్డతో తుడిచేస్తే చాలు. సీలకు జింకు పూత ఉండదు కాబట్టి వానాకాలంలో అదే ముందు తుప్పు పడుతుంది. కడిగే ప్రతిసారీ సీలను పైకి కిందికి ఆడించి చూడాలి. మొదట మూడు మిల్లీమీటర్లున్న ఆట అయిదారుకు పెరిగితే, చుట్లు గానీ వాషర్లు గానీ అరిగాయని అర్థం. వాషరు పగిలితే ఉంగరం చుట్టు విప్పి కొత్తది వేయవచ్చనుకోవద్దు. విప్పి మళ్ళీ చుట్టిన సీల నమ్మదగింది కాదు, సీల కొత్తదే వేయాలి. కన్నం అరిగి సీల తల అంచు చుట్ల లోపలికి దిగడం మొదలైతే ఆ రోజే కొక్కెం విప్పి పక్కన పెట్టి, ఇంకోటి చేసుకోవాలి.